మూత్రాశయంలో రాళ్లు వచ్చే చిన్న కుక్కకు తిండి ఎలా పెట్టాలి?

షిట్జు, లాసా ఆప్సో, బిషాన్ ఫ్రీజే, యార్క్‌షైర్ టెర్రియర్, మినియేచర్ ష్నాజర్ వంటి పొట్టి జాతులకు మూత్రాశయంలో రాళ్ల బెడద ఎక్కువ. ఆపరేషన్ చేయించి తీయిస్తే పీడ విరగడైందని చాలామంది అనుకుంటారు. కానీ క్యాల్షియం ఆక్సలేట్ అనే రకం రాళ్లు రెండు మూడేళ్లలో సగం దాకా కుక్కల్లో మళ్లీ తయారవుతాయి. రోజూ పెట్టే తిండి, తాగించే నీరు ముఖ్యమయ్యేది అందుకే.

ఒక మాట ముందే చెప్పాలి. కుక్క మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే తిండి గురించి ఆలోచించే సమయం కాదది. మగకుక్కల్లో మూత్రనాళం పురుషాంగంలోని ఎముక దగ్గర ఇరుకుగా ఉంటుంది, చిన్న రాయి కూడా అక్కడ ఇరుక్కుంటుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లవారేదాకా ఆగవద్దు.

1. రాయి ఏ రకమో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా ఆహారం కొనడానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. రాళ్లన్నిటికీ పనికొచ్చే తిండి అంటూ ఒకటి లేదు. కుక్కల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: స్ట్రూవైట్, క్యాల్షియం ఆక్సలేట్. మొదటిది క్షారగుణం ఉన్న మూత్రంలో పెరుగుతుంది, రెండోదానికి ఆమ్లగుణం అనుకూలం. ఒకదాన్ని కరిగించే ఆహారం రెండోదానికి ఎరువు అవుతుంది.

బయటకు తీసిన రాయి ఉంటే దాన్ని ల్యాబ్‌కు పంపించమని పశువైద్యుడిని అడగండి. రాయి లోపలే ఉంటే ఎక్స్‌రే, మూత్రపరీక్ష, మూత్రం కల్చర్ (అందులో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) చూసి ఆయన అంచనా వేస్తారు. మూత్రంలో స్ఫటికాలు కనిపించినంత మాత్రాన రాయి ఉన్నట్టు కాదు. ఫ్రిజ్‌లో పెట్టిన నమూనాలో అవి కొత్తగా కూడా ఏర్పడతాయి, కాబట్టి నమూనా తాజాగా ఇవ్వండి.

2. నీరు పెంచండి

రాయి ఏదైనా సరే, ఈ ఒక్క సలహా మారదు. మూత్రం పలచబడితే రాయి కట్టే లవణాలు కరిగే ఉండి బయటకు పోతాయి. ఆహారం ఏ కంపెనీదన్న చర్చకన్నా గిన్నెలో నీరెంత అన్న లెక్క ఎక్కువ ఉపయోగం.

ఐదు కిలోల కుక్కను తీసుకుందాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన, మామూలు చురుకుదనం ఉన్న కుక్కయితే రోజుకు దాదాపు 350 కేలరీలు చాలు. అన్నీ పొడి గుళికల రూపంలో పెడితే సుమారు 100 గ్రాములు అవుతాయి. అందులో నీరు 10 మిల్లీలీటర్లకు మించదు. అవే కేలరీలు డబ్బాలో వచ్చే తడి ఆహారంగా పెడితే దాదాపు 350 గ్రాములు పట్టవచ్చు, నీరే 250 మిల్లీలీటర్ల పైచిలుకు ఉంటుంది. ఆ సైజు కుక్కకు రోజంతటికీ కావలసిన నీరు దాదాపు అంతే. కుక్క తాగాలని మనం బతిమాలనక్కరలేకుండా తిండితోనే లోపలికి వెళ్లిపోతుంది.

తడి ఆహారం కుదరకపోతే గుళికల్లో గోరువెచ్చని నీళ్లు పోయండి. మొదటిరోజే గిన్నె నింపితే కుక్క మూతి తిప్పుకుంటుంది. ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టి, గుళికలకు రెట్టింపు నీరు అయ్యేదాకా కొద్దికొద్దిగా పెంచండి. రుచి కోసం ఉప్పు వేయని మాంసం ఉడికించిన నీళ్లు కలపవచ్చు, కానీ అందులో ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు, అవి కుక్కలకు విషం. దాహం పెరుగుతుందని సొంతంగా ఉప్పు వేయకండి. ఉప్పు పెరిగితే మూత్రంలోకి వచ్చే క్యాల్షియం కూడా పెరగవచ్చు.

నీరు పెరిగితే మూత్రమూ పెరుగుతుంది. మూత్రం లోపల నిలవ ఉండకూడదు, కాబట్టి బయటకు తీసుకెళ్లే వేళలు కూడా పెంచండి.

3. రాయిని బట్టి ఆహారం మార్చండి

స్ట్రూవైట్ అయితే: కుక్కల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఇన్‌ఫెక్షన్ వల్లే వస్తుంది. కొన్ని బ్యాక్టీరియాలు మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చి మూత్రాన్ని క్షారంగా చేస్తాయి. మంచి విషయం ఏమిటంటే, ఈ రాయిని ఆపరేషన్ లేకుండా కరిగించవచ్చు. వైద్యుడు రాసిచ్చే ప్రత్యేక ఆహారం, యాంటీబయాటిక్ రెండూ కలిపి కొన్ని వారాలు వాడాలి. ఆ రోజుల్లో వేరే ఏదీ పెట్టకండి, ఇంట్లోవాళ్లు ప్రేమగా పెట్టే ముక్కతో సహా. కరిగించే ఆహారాల్లో కొన్నిటికి కొవ్వు ఎక్కువ కాబట్టి క్లోమం వాపు వచ్చే ష్నాజర్ల విషయంలో వైద్యుడికి ముందే చెప్పండి. కుక్కపిల్లలకు, చూడి కుక్కలకు ఇవి పనికిరావు. రాయి పోయాక ఆ ఆహారాన్ని జీవితాంతం కొనసాగించాలని అనుకోవద్దు. ఇక్కడ అసలు నివారణ ఇన్‌ఫెక్షన్ మళ్లీ రాకుండా చూసుకోవడమే.

క్యాల్షియం ఆక్సలేట్ అయితే: ఇది ఏ తిండికీ కరగదు. తీయించాలి, ఆపై కొత్తది రాకుండా చూసుకోవాలి. మూత్రాన్ని ఆమ్లంగా మార్చే ఆహారాలు మానండి. పాలకూర, బీట్‌రూట్, చిలగడదుంప, గింజపప్పులు దూరం పెట్టండి, వాటిలో ఆక్సలేట్ ఎక్కువ. విటమిన్ సి మాత్రలు కూడా వద్దు, శరీరం దాన్ని ఆక్సలేట్‌గా మారుస్తుంది. ఇక క్యాల్షియం రాయి కదా అని తిండిలోంచి క్యాల్షియాన్ని పూర్తిగా తీసేయడం పొరపాటు. పేగుల్లో ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటకు పంపేది ఆ క్యాల్షియమే. సమతుల ఆహారంలో ఉన్నది ఉండనివ్వండి, విడిగా మాత్రలు, ఎముకల పొడి మాత్రం వేయకండి. రక్తంలో క్యాల్షియం ఎంత ఉందో ఒకసారి పరీక్ష చేయించండి.

ఈ రెండూ కాక యూరేట్ అనే మరో రకం రాయి అయితే కాలేయం, మూత్రపిండాల వంటి లోపలి మాంసాలు మానాలి. యార్క్‌షైర్ టెర్రియర్ వంటి చిన్న జాతుల్లో ఇది కాలేయ రక్తనాళాల లోపానికి గుర్తు కావచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా అవసరం.

4. కొత్త ఆహారానికి మెల్లగా అలవాటు చేయండి

వారం నుంచి పది రోజులు. పాతదాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని పెంచుతూ పోండి.

5. చిరుతిళ్లను లెక్కలో వేయండి

జాగ్రత్త అంతా చిరుతిళ్ల దగ్గరే చెడుతుంది. రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు, అంటే మన ఐదు కిలోల కుక్కకు 35 కేలరీలు. కీరదోస ముక్కలు, పుచ్చకాయ, గింజలు తీసిన ఆపిల్ ఫర్వాలేదు, వాటిలో నీరూ ఎక్కువే. ద్రాక్ష, కిస్‌మిస్ ఒక్కటి కూడా వద్దు. లావెక్కిన కుక్కలకు ఆక్సలేట్ రాళ్ల ముప్పు ఎక్కువ కాబట్టి నెలకోసారి తూకం చూడండి.

6. మూత్రమే చెబుతుంది, కొలిపించండి

మీరు పోస్తున్న నీరు సరిపోతోందో లేదో రంగు చూసి ఊహించనక్కరలేదు. ఉదయపు మొదటి మూత్రం సాంద్రతను వైద్యుడు రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తారు. అది 1.020 కంటే తక్కువ ఉండాలి. ఎక్కువ వస్తే గిన్నెలో నీరు ఇంకా పెంచాలన్నమాట. రంగు మారే కాగితపు పట్టీలు కుక్కల్లో సాంద్రత విషయంలో నమ్మదగినవి కావు.

ఆహారం మార్చిన నెలకు ఒకసారి, తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి మూత్రపరీక్ష చేయించండి. ఆక్సలేట్ కుక్కలకు ఆరు నెలలకోసారి ఎక్స్‌రే కూడా అవసరం. యూరేట్ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, వాటికి అల్ట్రాసౌండ్ కావాలి. కుక్క హుషారుగా ఉంది కదా అని ఈ పరీక్షలు వాయిదా వేయకండి. రాయి చిన్నగా ఉన్నప్పుడే దొరికితే, కుక్కకు మత్తు ఇచ్చి మూత్రాశయాన్ని సెలైన్‌తో నింపి, నొక్కి బయటకు పంపించే వీలుంటుంది. పెద్దదయ్యాక మళ్లీ ఆపరేషనే.