మిడ్ పవర్ రాకెట్: అంటుకోనప్పుడు, వంకర పోయినప్పుడు, పారాచూట్ విచ్చుకోనప్పుడు

ఇ, ఎఫ్, జి తరగతుల మోటార్లతో ఎగిరే నమూనా రాకెట్లను మిడ్ పవర్ రాకెట్లంటారు. తరగతి ఒక్కో అక్షరం పెరిగేకొద్దీ మోటారు మొత్తం ప్రచోదనపు (తోపుడు బలం, అది పనిచేసే సమయం కలిసిన మొత్తం) గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది. ఇ తరగతికి అది 40, ఎఫ్‌కు 80, జికి 160 న్యూటన్-సెకన్లు. అందుచేత చిన్న రాకెట్టులో చెల్లిపోయిన పొరపాటు ఇక్కడ చెల్లదు. ఏదైనా తేడా జరిగితే, ముక్కలు ఏరుకోవడానికి ముందే అది ఏ దశలో కనిపించిందో, అప్పుడు రాకెట్టు పైకి పోతున్నదో కిందికి వస్తున్నదో రాసి పెట్టుకోవాలి. ఒకే విధంగా చిరిగిన ట్యూబుకు పరస్పర విరుద్ధమైన రెండు కారణాలు ఉండవచ్చు.

బటన్ నొక్కినా మోటారు అంటుకోలేదు

ముందుగా కంట్రోలర్ తాళంచెవి తీసివేసి, కనీసం 60 సెకన్లు ఎవరూ దగ్గరకు వెళ్లకుండా ఆగాలి. ఆ తరువాత ఇగ్నైటర్‌ను (మోటారును అంటించే విద్యుత్ తీగను) బయటకు తీసి చూడాలి. అది కాలకుండా ఉంటే లోపం విద్యుత్తుది. కంట్రోలర్ మీద దీపం వెలిగినంత మాత్రాన సర్క్యూట్ బాగున్నదని చెప్పలేము. ఆ దీపానికి చాలా స్వల్పమైన కరెంటు చాలు, ఇగ్నైటర్‌కు చాలదు. మసి పట్టిన క్లిప్పులను గరుకు కాగితంతో రుద్ది, అవి ఒకదానికొకటి తగలకుండా అమర్చి, పూర్తిగా చార్జ్ చేసిన 12 వోల్టుల బ్యాటరీని వాడాలి.

ఇగ్నైటర్ కాలినా మోటారు అంటుకోకపోతే, లేదా ఒక్కసారి బుస్సుమని పొగ వదిలి ఆగిపోతే, కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. కాంపోజిట్ (రబ్బరు వంటి ఘన ఇంధనం గల) మోటారులో ఇగ్నైటర్ తల ఇంధనపు నడిమి రంధ్రం పైకొసను తాకే వరకు పోవాలి. సగం దూరంలో ఆగితే పీడనం నిలదొక్కుకోకముందే ఇగ్నైటర్ బయటకు వచ్చి పడుతుంది. మోటారు పొడవును ఇగ్నైటర్ తీగ మీద గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు వరకు దూర్చి, కదలకుండా బిగించాలి. నాజిల్‌కు (మోటారు వెనుక వాయువు బయటకు పోయే రంధ్రానికి) మూత పెడితే వాయువు పోవడానికి చిన్న దారి ఉంచాలి.

రాడ్ విడిచిన వెంటనే వంకర పోయింది

ఇక్కడ రెండు లక్షణాలను కలిపి చూడకూడదు. రాకెట్టు గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపుకు నిదానంగా ఒరిగి, ఆ దిశలోనే నిలకడగా పోతే, అది రాడ్‌ను (ఎగిరేటప్పుడు రాకెట్టుకు దారి చూపే నిలువు కడ్డీని) చాలినంత వేగం లేకుండా విడిచిందని అర్థం. మోటారు సగటు థ్రస్టు (తోపుడు బలం) రాకెట్టు బరువుకు కనీసం 5 రెట్లు ఉండాలి. మోటారుతో కలిపి 800 గ్రాములు తూగే రాకెట్టు బరువు సుమారు 8 న్యూటన్లు గనుక దానికి 40 న్యూటన్ల సగటు థ్రస్టు కావాలి. ఆ సంఖ్య మోటారు పేరులోనే, అక్షరం పక్కన ఉంటుంది. సన్నని రాడ్ బరువుకు వంగి కొరడాలా విదిలించినా ఇదే ఫలితం వస్తుంది. మందమైన రాడ్‌కు గానీ, అంతకంటే మేలుగా రైలుకు (గాడి ఉన్న గట్టి కమ్మీకి) గానీ మారాలి.

అలా కాకుండా రాకెట్టు గాలిలో పిల్లిమొగ్గలు వేస్తే, దానికి స్థిరత్వం లేదన్నమాట. గురుత్వ కేంద్రం పీడన కేంద్రానికి (గాలి బలమంతా పనిచేసినట్లుండే బిందువుకు) కనీసం ఒక ట్యూబు వ్యాసమంత ముందు ఉండాలి. ఇ మోటారుతో చక్కగా ఎగిరిన కిట్టే, బరువైన జి మోటారు తోకలో చేరగానే గురుత్వ కేంద్రం వెనక్కు జరిగి అదుపు తప్పుతుంది. కాబట్టి మోటారు, మడిచిన పారాచూట్ లోపల ఉండగానే రాకెట్టును దారం మీద తూచి ఆ కేంద్రాన్ని గుర్తించాలి. ఖాళీ రాకెట్టును తూచడం వృథా శ్రమ. దూరం చాలకపోతే నోస్ కోన్ (రాకెట్టు ముక్కు) లోపల బరువు చేర్చి ఎపాక్సీతో స్థిరపరచాలి, ఆపైన థ్రస్టు లెక్కను మళ్లీ చూసుకోవాలి.

ఫిన్ ఊడిపోయింది

ఊడిన ఫిన్ (తోక రెక్క) మొదలును చూస్తే సంగతి తెలుస్తుంది. దానితో పాటు ట్యూబు కాగితపు పొర చిరిగి వచ్చి ఉంటే జిగురు తన పని చేసినట్లే, బలహీనత ట్యూబుది. ఫిన్‌ను గోడ గుండా లోపలి మోటారు ట్యూబు వరకు దింపి అతికించాలి. జిగురు అద్దంలా నున్నగా విడిపోయి ఉంటే, అతికించే ముందు ట్యూబు మీది నిగనిగల పొరను గరుకు కాగితంతో తీయలేదని అర్థం.

పారాచూట్ బయటకు రాలేదు

మొదట మోటారు ఉన్నదో లేదో చూడాలి. అది లేకపోతే, ఎజెక్షన్ చార్జ్ (పారాచూట్‌ను బయటకు నెట్టడానికి పేలే మందు) నోస్ కోన్‌ను నెట్టడానికి బదులు మోటారునే వెనక్కు నెట్టివేసింది. ఇందుకు పరిష్కారం స్క్రూలా తిప్పి బిగించే రిటైనర్ (మోటారును పట్టి ఉంచే మూత). మోటారు ఉండి, ట్యూబు లోపల మసి ఉంటే, నోస్ కోన్ గానీ పారాచూట్ గానీ మరీ బిగుతుగా ఉన్నది. నోస్ కోన్ పట్టుకుని ఎత్తితే రాకెట్టు జారిపడకూడదు, కొద్దిగా విదిలిస్తే ఊడి రావాలి. మసి కూడా లేకపోతే చార్జ్ పేలనే లేదు. రీలోడ్ మోటారులో (ఇంధనం మార్చి మళ్లీ వాడేదానిలో) ఆ చార్జ్ మందు పోయడం మరచి ఉండవచ్చు, లేదా పేరు చివర ‘పి’ అక్షరం గల, అసలు చార్జే లేని మోటారును కొని ఉండవచ్చు. పారాచూట్ కరిగి ముద్దయితే, కొత్తదాన్ని నోమెక్స్ అనే, నిప్పుకు తట్టుకునే గుడ్డలో చుట్టాలి.

షాక్ కార్డ్ ట్యూబును నిలువునా చీల్చింది

షాక్ కార్డ్ అంటే నోస్ కోన్‌ను, పారాచూట్‌ను ట్యూబుతో కలిపి ఉంచే తాడు. అది ట్యూబును చీల్చిందంటే, పారాచూట్ విచ్చుకున్నప్పుడు రాకెట్టు వేగంగా పోతున్నదని అర్థం. పైకి పోతుండగా జరిగితే డిలే (మోటారు మండటం ముగిశాక చార్జ్ పేలే వరకు పట్టే సమయం) తక్కువ, ముక్కు దించి కిందికి వస్తుండగా జరిగితే డిలే ఎక్కువ. దిశ గమనించకుండా డిలే మార్చేవారికి సగం సార్లు చీలిక మరింత పెద్దదవుతుంది. ఓపెన్‌రాకెట్ వంటి ఉచిత ప్రోగ్రాములో రాకెట్టు అసలు బరువు, పెట్టెపై ఉన్న బరువు కాదు, నమోదు చేసి, శిఖరానికి చేరే సమయం నుంచి మోటారు మండే సమయాన్ని తీసివేస్తే కావలసిన డిలే వస్తుంది. గాలికి ఒరిగి ఎగిరిన రాకెట్టు శిఖరం వద్ద కూడా అడ్డంగా వేగంగా పోతుంది గనుక, అప్పుడు డిలే సరైనదైనా చీలిక తప్పకపోవచ్చు. ముందు ఆ ఒరుగుదలను సరిచేయాలి. షాక్ కార్డ్ రాకెట్టు పొడవుకు కనీసం మూడు రెట్లు ఉంచాలి. చిరిగిన ట్యూబును చీలిక దాటిన చోట సమంగా కోసి, కప్లర్‌తో (రెండు ట్యూబులను లోపలి నుంచి కలిపే చిన్న గొట్టంతో) అదే పొడవు కొత్త ముక్కను అతికించి, గురుత్వ కేంద్రాన్ని మళ్లీ తూచిన తరువాతే రాడ్‌పైకి ఎక్కించాలి.