పాత పానాల పాఠాలు – 4: పానా మీది అంకె నోటి కొలత కాదు

ఈసారి స్క్రూ స్పానర్ విప్పి లోపలి మర శుభ్రం చేయడం చెబుతానన్నాను. అది వచ్చే పాఠంలో. పోయిన పాఠం చదివి మీరు చేసిన పనులు చూశాక, ముందు ఈ సంగతి తేల్చక తప్పదనిపించింది.

"తుప్పు వదిలాక పానా నోరు వెర్నియర్‌తో (మిల్లీలో భాగాలు కూడా చూపే కొలత పనిముట్టు) కొలవండి, సాగిపోయినవి పక్కన పెట్టండి" అని రాశాను. కొలిచారు, సంతోషం. కానీ మీలో చాలామంది నిక్షేపంలాంటి పానాలను సాగిపోయినవని పక్కన పెట్టేశారు. ఒకాయన తాతగారి బుల్లెట్ సంచిలోని పానాలన్నీ పాత ఇనుము కొట్టులో కిలోల లెక్కన తూచి ఇచ్చేశారు. ఇంకొకరు ఆకురాయి పట్టుకుని నోరు "సరిచేశారు". చదవగానే నాకు బీపీ పెరిగింది.

దానికి ముందు, తుప్పు వదలడానికి పానాలు నానబెట్టే నిమ్మ ఉప్పు నీళ్ల గొడవ. నీళ్లలోంచి తీసిన గంటకే నారింజ రంగు తుప్పు మళ్లీ వచ్చిందని రాశారు. పులుపు పూర్తిగా కడగకుండా, తడి ఆరకుండా ఇనుమును గాలికి వదిలితే వస్తుంది. లీటరు నీళ్లకు 50 గ్రాములు, కొన్ని గంటలు, అంతే. తీయగానే బట్టల సోడా నీళ్లలో ముంచి బ్రష్‌తో రుద్దాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి, వేడి గాలితోనో మండుటెండలోనో ఆరబెట్టి, ఆ వేడి తగ్గకముందే నూనె రాయాలి. నేను కుట్టుమిషన్ నూనె తప్ప ఇంకోటి ముట్టను. క్రోమ్ పూత పొట్టులా లేస్తున్న పానాను నిమ్మ ఉప్పులో వేస్తే పులుపు పూత కిందికి దూరి మిగిలింది కూడా లేపుతుంది. అలాంటివాటికి కిరసనాయిలు, ఇత్తడి బ్రష్, ఓపిక చాలు. మూడు రోజులు నానబెట్టినవారి గురించి మాట్లాడను.

ఇక అసలు విషయం. పానా మీద 1/4 అని ఉంది. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. నోరు కొలిస్తే 13.4 వచ్చింది. "రెండింతలు సాగిపోయింది సార్" అని రాశారు. ఉక్కు పానా నోరు రెండింతలు ఎలా సాగుతుందండీ? ఒక్క నిమిషం ఆలోచించాలి కదా!

ఆ 1/4 పక్కన W అన్న అక్షరం ఉందా? ఉంటే అది విట్‌వర్త్ పానా. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మరలకు ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు, ఏ మందం బోల్టుకు అంగుళానికి ఎన్ని చుట్లు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పద్ధతిలో పానా మీద వేసే అంకె బోల్టు కాడ మందం. నట్టు తల వెడల్పు కాదు. పావు అంగుళం బోల్టుకు ఉండే తల వెడల్పు 0.525 అంగుళం, అంటే 13.34 మిల్లీలు. పానా నోరు దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, లేకపోతే నట్టు మీదికి ఎక్కదు. కాబట్టి మీకు వచ్చిన 13.4 సరిగ్గా రావాల్సిన కొలతే. కిలోల లెక్కన అమ్మింది దాన్నే.

మిగతావి కూడా రాసి పెట్టుకోండి. 3/16 W నట్టు 11.30 మిల్లీలు, 5/16 W 15.24, 3/8 W 18.03, 7/16 W 20.83, 1/2 W 23.37. ఈ ఆరూ నోటికి వస్తే చాలు, ఇంతకంటే పెద్దవి మనకు దొరికేది తక్కువ.

కొన్నింటి మీద ఒకే నోటి దగ్గర 1/4 W, 5/16 BS అని రెండు అంకెలు ఉంటాయి. "ఏది నమ్మాలి?" అని అడిగారు. రెండూ నిజమే. BS, లేదా BSF (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్), సన్న మర పద్ధతి. అందులో తలలు ఒక సైజు చిన్నవి, కాబట్టి 5/16 సన్న మర బోల్టు తల, 1/4 విట్‌వర్త్ తల ఒకటే. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కు ఆదా చేయడానికి విట్‌వర్త్ బోల్టులకు కూడా ఈ చిన్న తలలే పెట్టారు. అందుకే పాత ఇంజను మీద 5/16 విట్‌వర్త్ బోల్టుకు 5/16 W పానా వదులుగా తిరుగుతుంటే పానాను తిట్టకండి. దాని తమ్ముణ్ణి, 1/4 W ని తీయండి.

AF (అక్రాస్ ఫ్లాట్స్) అని ఉంటే కథ వేరు. అక్కడ అంకె నేరుగా నట్టు వెడల్పే. 1/2 AF అంటే 12.70 మిల్లీలు, 9/16 అంటే 14.29, 3/4 అంటే 19.05. కాబట్టి 1/2 AF, 1/2 W రెండూ పక్కపక్కన పెడితే ఒకటి ఇంకోదానికి దాదాపు రెండింతలు. ఒకే సంచిలో ఈ రెండూ చూసి ఒకాయన, రెండోది దొంగ సరుకని తేల్చేశారు.

మన దగ్గర ఇవన్నీ ఎందుకు కలిసిపోయాయంటే బళ్లు అలా వచ్చాయి. 1955 నుంచి మద్రాసులో బుల్లెట్ తయారైంది, ఆ పాత బళ్లలో ఇంగ్లీషు మరలు, విట్‌వర్త్ తలలు. పొలాల్లో నీళ్లు తోడిన లిస్టర్ రకం ఆయిల్ ఇంజన్లకూ ఎక్కువగా అవే. అంబాసిడర్, జీపు పనికి AF. మైసూరులో తయారైన జావా చెక్ బండి కాబట్టి మిల్లీమీటర్లు. ఆటోనగర్లలో మేస్త్రి సంచిలో ఈ మూడూ కలిసే ఉండేవి. ఏ బండికి ఏది అన్నది ఆయన చేతికి తెలుసు, రాసి పెట్టలేదు. సంచి పాత సామాన్లకు వెళ్లాక ఆ తెలివి దాంతో రాలేదు.

దగ్గరగా ఉండే కొలతల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. 11 మిల్లీలు, 7/16 AF (11.11), 3/16 W (11.30), మూడింటికీ తేడా మూడు పదోవంతులే. 19 మిల్లీల పానా, 3/4 AF పానా ఒకదాని బదులు ఇంకోటి నిశ్చింతగా వాడొచ్చు. 16 మిల్లీలది 5/8 AF నట్టు మీద కూడా పర్వాలేదు. కానీ బిగుసుకుపోయిన 1/2 AF నట్టు మీద 13 పానా పెట్టి బలంగా లాగితే నట్టు మూలలు గుండ్రం అయిపోతాయి. విట్‌వర్త్ 1/4 నట్టుకు 14 పానా పెట్టడం ఇంకా ఘోరం.

మరి నిజంగా సాగిన నోటిని ఎలా గుర్తుపట్టాలి? అంకెతో పోల్చి కాదు, నోటిని నోటితోనే పోల్చి. వెర్నియర్ పైనున్న చిన్న కత్తులతో నోరు లోపల, గొంతు దగ్గర ఒకసారి కొలవండి, పెదవుల అంచు దగ్గర ఇంకోసారి. రెండూ సమానంగా ఉంటే పానా బాగుంది. అంచు దగ్గర పావు మిల్లీ ఎక్కువ వస్తే సాగింది. పెదవుల లోపల నట్టు మూల తగిలే చోట గుంట పడి మెరుస్తుంటే ఇక కొలవక్కర్లేదు. నా అడ్డదారి ఇంకా సులువు. అరగని కొత్త నట్టు ఒకటి దగ్గర ఉంచుకుంటాను. ఎక్కించి ఊపితే తెలిసిపోతుంది.

సాగిందని తెలిస్తే? గోడకు తగిలించండి. నోరు ఎర్రగా కాల్చి వైస్‌లో నొక్కమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అలా కాలిస్తే ఉక్కుకు పెట్టిన పదును పోతుంది, మొదటి గట్టి నట్టుకే మళ్లీ తెరుచుకుంటుంది. ఆకురాయి సంగతి మరీ దారుణం. 1/2 AF ను రాకి 13 చేస్తే అది AF కాదు, సేకరణకూ పనికిరాదు. మీకు 13 కావాలంటే కొత్తది కొనుక్కోండి, చాయ్ బిస్కెట్ల ఖర్చు కంటే ఎంతో ఎక్కువేమీ కాదు.

ఇదంతా పానా మీది అక్షరాలు కనిపిస్తేనే. గ్రైండర్‌కు వైర్ చక్రం తగిలించి తళతళలాడించేవాళ్లు ఆ అక్షరాలను కూడా అరగదీస్తారు. అక్షరాలు మసకగా ఉంటే సుద్దముక్క అడ్డంగా రుద్ది, పైపైన గుడ్డతో తుడవండి, గుంటల్లో తెల్లగా నిలుస్తాయి. కింద సంవత్సరం, పైన బాణం గుర్తు కనిపిస్తే అది సైన్యం సరుకు. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949కి, 1990కి మధ్యది. జెడోర్ అని ఉంటే అది రెమ్‌షైడ్ ఊళ్లో 1919లో ముగ్గురు అన్నదమ్ములు పెట్టిన కంపెనీ పేరు. ఇవి గుర్తుపట్టడం మీద తర్వాత విడిగా ఒక పాఠం ఉంది.

అభ్యాసం. ఇంట్లో, బండి డిక్కీలో, మేనమామ గ్యారేజీలో దొరికిన ప్రతి పానానూ టేబుల్ మీద పరవండి. అక్షరాల మీద టేపు అంటించి మూసేయండి. ప్రతి నోటినీ గొంతు దగ్గర, మధ్యలో, అంచు దగ్గర కొలిచి నోట్‌బుక్కులో రాయండి. గొంతు కొలతను పైన చెప్పిన మిల్లీ అంకెలతో సరిచూసి, అంగుళాల్లో కావాలంటే 25.4తో భాగించి, అది విట్‌వర్తా, AF నా, మిల్లీయా అని పక్కన రాయండి. సందేహమైతే "సందేహం" అనే రాయండి, ఊహించొద్దు. అన్నీ అయ్యాక టేపు తీయండి. అంబాసిడర్, బుల్లెట్ రెండూ చేసిన పాత మేస్త్రి ఎవరైనా మీ ఊళ్లో ఉంటే, "సందేహం" అని రాసినవి ఆయన ముందు పెట్టి చూడండి.

దాంతోపాటు ఒక లెక్క. అక్షరాలు పూర్తిగా అరిగిపోయిన పానా, గొంతు దగ్గర 15.35, అంచు దగ్గర 15.40. ఒకాయన దాన్ని "సాగిన 15" అన్నారు, ఇంకొకాయన "అరిగిన 5/8 AF" అన్నారు. ఇద్దరిదీ తప్పే. ఎందుకో రాసి పంపండి, కారణం లేకుండా వచ్చిన జవాబులు చదవను.