షాంపూ సీసా వెనక రాసింది ఎలా చదవాలి?

సీసా ముందు ఉల్లిపాయ బొమ్మ ఎంత పెద్దగా వేసినా పట్టించుకోకండి. అసలు సంగతి వెనక ఉంటుంది. అక్షరాలు చీమల బారులా ఉంటాయి కాబట్టి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

1. మొదట, కలిపిన సరుకుల పేర్లు ఏ వరసలో ఉన్నాయో చూడండి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. 1 శాతం, అంతకు తక్కువ ఉన్నవాటికి మాత్రం ఈ వరస అక్కర్లేదు. షాంపూలో మొదటి పేరు దాదాపు ఎప్పుడూ నీళ్లే, దాన్నే 'ఆక్వా' అంటారు. పాడవకుండా కలిపే ఫినాక్సీఇథనాల్ సాధారణంగా 1 శాతం దాటదు. ఉల్లి సారం పేరు దాని తర్వాత ఉందంటే చిటికెడే అన్నమాట. చారులో ఇంగువైనా చిటికెడుకే వాసన తెలుస్తుంది, దీనికి అదీ లేదు.

2. నీళ్ల తర్వాత వచ్చేది జిడ్డు వదిలించే సరుకు. ఎక్కువగా సోడియం లారెత్ సల్ఫేట్ కనిపిస్తుంది. సోడియం లారిల్ సల్ఫేట్ దానికంటే గట్టిది. పక్కన కోకమిడోప్రొపైల్ బీటైన్ ఉంటే ఆ ఘాటు కొంత తగ్గుతుంది. సల్ఫేట్ పేరు చూడగానే టెన్షన్ వద్దు. తలకి నూనె బాగా పట్టించి తలంటుకునేవాళ్లకు అది లేని షాంపూ ఒక్కసారికి సరిపోకపోవచ్చు. జుట్టు పొడిబారినవాళ్లు, రంగు వేయించుకున్నవాళ్లు అది లేనిది వాడితే మేలు. కుంకుడుకాయ నురగా ఇలాంటి పనే చేస్తుంది, అందులో ఉండేవి సపోనిన్లు.

3. ఇక మెత్తదనం ఇచ్చేవి. డైమెథికోన్ అంటే సిలికోన్. వెంట్రుక మీద పల్చటి పూతలా నిలిచి మెరుపు ఇస్తుంది, చిక్కు తగ్గిస్తుంది, అంతేగానీ చిట్లిన కొసల్ని అతికించదు. గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్ అని చదివి భయపడకండి. గ్వార్ అంటే మన గోరుచిక్కుడే! ఆ గింజల జిగురుని కాస్త మార్చి, వెంట్రుకకు అంటుకునేలా చేస్తారు. సెటిల్ ఆల్కహాల్, సెటియరిల్ ఆల్కహాల్ కూడా పేరుకే ఆల్కహాల్. మైనంలాంటి ఆ ముద్దలు జుట్టుని ఎండబెట్టవు. ఎండబెట్టేది 'ఆల్కహాల్ డీనాట్'.

4. ఇంట్లో ఉప్పు బోరు నీళ్లా? ఈడీటీఏ ఉందేమో చూడండి. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను అది పట్టి ఉంచుతుంది.

5. చుండ్రు షాంపూలో వెతకాల్సింది కీటోకొనజోల్, లేదా జింక్ పైరిథియోన్. రాసిన వెంటనే కడిగేయకండి, కీటోకొనజోల్ అయితే 3 నుంచి 5 నిమిషాలు తల మీద ఉండనివ్వాలి. ఏ షాంపూ వాడినా మాడు దురద పెడుతోందా? కొందరికి పడని డీఎండీఎం హైడాంటోయిన్, మిథైల్‌ఐసోథయాజోలినోన్ (రెండూ పాడవకుండా కలిపేవే), పర్‌ఫ్యూమ్ ఉన్నాయేమో చూసి, ఆ సీసాతో సహా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తలనూనె సీసా కూడా ఒకసారి తిప్పండి. ఉసిరి నూనె అని కొన్న దానిమీద మొదటి పేరు 'లైట్ లిక్విడ్ పారఫిన్' అని ఉంటే, అందులో ఎక్కువ ఉన్నది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ ఆయిల్. హాని కాదు గానీ జుట్టు పైనే ఉండిపోతుంది. కొబ్బరినూనె మాత్రం వెంట్రుక లోపలికి కూడా ఇంకుతుంది.