నచ్చిన సంగీతం పంచుకోవడం ఎలా? 4వ పాఠం: ఒక్క చోటు చూపించండి

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? మీకు బాగా నచ్చిన రికార్డులో ఏ చోట ఒళ్లు జలదరించిందో నిమిషం, సెకన్లతో సహా రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

నా కాగితంలో ఉన్నది అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందం వాయించిన ‘సో వాట్’. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డయింది, నిడివి తొమ్మిది నిమిషాల పైనే. మా బాబాయికి "అద్భుతం, తప్పకుండా వినండి" అని పంపాను. "బాగుందమ్మా" అని జవాబొచ్చింది. అంటే వినలేదన్నమాట! ఆయన్ననుకుని ఏం లాభం? ఆ అద్భుతమేదో ఎక్కడుందో నేను చెప్పందే.

బాబాయి కర్ణాటక సంగీతం మనిషి. అందుకని రెండోసారి, ఆయనకు తెలిసిన ఖరహరప్రియ రాగాన్నీ, శ్రుతినీ (ఆధార స్వరం ఎత్తు) పట్టుకుని ఇలా రాశాను: "తంబురా రెండు శ్రుతికి పెట్టుకుని ఖరహరప్రియ స్వరాలు ఒకసారి పాడుకోండి. ఇందులోనూ అవే. మొదటి అరనిమిషం వదిలేయండి. ఆ తర్వాత బాస్ (లావు తీగల పెద్ద వాయిద్యం) ఏదో అడుగుతున్నట్టు పలుకుతుంది, పియానో రెండేసి దెబ్బలతో బదులు చెబుతుంది. నిమిషం దాటగానే ఏం జరిగిందో మీరే చెప్పండి."

ఆ సాయంత్రమే ఫోన్. "ఏమ్మా, వీళ్లు శ్రుతి మార్చేశారే!"

అదే ఆ చోటు. వరస ఒక చుట్టు 32 బార్లు (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత). పదహారు బార్లు రెండు శ్రుతిలో నడిచి, ఎనిమిదింటికి అవే స్వరాలు అరమెట్టు పైకి, రెండున్నరకు జరుగుతాయి, చివరి ఎనిమిదికి మళ్లీ మొదటి చోటికి. తంబురా శ్రుతి కదలని కచేరీలు విన్న చెవికి అది ఠక్కున తెలుస్తుంది. ఒకటిన్నర నిమిషం దగ్గర, ట్రంపెట్ మనోధర్మం (అప్పటికప్పుడు అల్లి వాయించడం) మొదలయ్యే క్షణాన, డ్రమ్స్ వాయించిన జిమ్మీ కాబ్ తాళం చిప్ప మీద వేసిన దెబ్బ గురించి నేనసలు చెప్పనే లేదు. బాబాయే పట్టుకున్నారు.

ఒక జాగ్రత్త. "ఇది ఖరహరప్రియే" అని మాత్రం రాయకండి. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం కాదు. గమకాలేవి (స్వరాన్ని ఊపే తీరు), సంచారాలేవి (రాగం నడిచే దారులు)? రసికులు అక్కడే పట్టుకుంటారు, ఇక మిగతాది వినరు.

ఈ వారం పని: మీ కాగితంలోని చోటు గురించి ఒకే ఒక్క మనిషికి మూడు వాక్యాలు రాయండి. ఆ మనిషికి ముందే తెలిసినదేదో మొదటి వాక్యంలో రావాలి, చివరిది ప్రశ్న కావాలి. ‘అద్భుతం’, ‘మాటల్లేవు’ నిషిద్ధం.

వచ్చే పాఠంలో ఒపెరా, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం. భాష తెలియని స్నేహితుడికి కథ ఎంతవరకు చెప్పాలో చూద్దాం.