డీజిల్ కారు సొంతంగా నేర్చుకుందాం – 3వ పాఠం: పొద్దున్నే చల్లటి ఇంజన్

పోయిన పాఠంలో డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడటం దాకా వచ్చాం. ఈసారి పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, సెల్లార్ దాటించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా ఎలా నడపాలో చూద్దాం. ముందే చెప్పేస్తున్నా, మన అపార్ట్‌మెంట్లలో చాలామంది చేసేట్టు బండి స్టార్ట్ చేసి అలాగే వదిలేసి, పైకెళ్లి టిఫిన్ తినేసి దిగడం ఈ పాఠంలో లేదు.

ఎందుకు లేదో అర్థం కావాలంటే డీజిల్ ఎలా మండుతుందో కాస్త తెలియాలి. పెట్రోల్ ఇంజన్‌లో ఉన్నట్టు దీంట్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు పదహారో వంతుకి నొక్కేస్తుంది, ఆ నొక్కుడికే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఇంజెక్టర్ అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజన్ నుంచి ఇవాళ్టి కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపు నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందించే) ఇంజన్ దాకా సూత్రం ఇదే. చిక్కల్లా రాత్రంతా చల్లబడ్డ సిలిండర్ గోడలతోనే, ఆ వేడిలో చాలా భాగం అవే లాగేసుకుంటాయి. అందుకే ప్రతి సిలిండర్‌కీ ఒక హీటర్ ప్లగ్ పెట్టారు, మాన్యువల్‌లో గ్లో ప్లగ్ అని ఉంటుంది. కీ ఆన్ చేయగానే మీటర్‌లో పసుపు రంగులో చుట్టలు చుట్టిన తీగలా కనిపించే లైటు దానిదే.

ఇప్పుడు చేయాల్సింది. క్లచ్ పూర్తిగా తొక్కి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, ఏసీ ఆఫ్ చేసి కీ ఆన్ చేయండి, సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు. ఆ పసుపు లైటు ఆరేదాకా ఆగండి. హైదరాబాద్ చలికి అది కొన్ని సెకన్ల పనే, మే నెలలో అయితే వెలిగినట్టే వెలిగి ఆరిపోతుంది. లైటు ఆరాక సెల్ఫ్ కొట్టండి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనే వద్దు. బటన్ స్టార్ట్ బండ్లలో చాలావాటికి ఈ ఆగడం కూడా కంప్యూటరే చూసుకుంటుంది, మీరు బటన్ నొక్కాక ఓ క్షణం ఆలస్యంగా ఇంజన్ తిరిగితే కంగారు పడొద్దు.

స్టార్ట్ అయ్యాక అర నిమిషం ఆగితే చాలు. మొదట్లో టకటకమని గట్టిగా శబ్దం వస్తుంది, చల్లటి డీజిల్‌కి అది మామూలే. ఆ అర నిమిషంలో ఆయిల్ టర్బో (ఇంజన్‌లోకి గాలిని గట్టిగా తోసే ఫ్యాన్ లాంటిది) దాకా చేరాలి. టర్బోలో ఉండే షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతూ నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరిగే వస్తువు, ఆయిల్ అందకముందే రేస్ చేస్తే అరిగేది అదే. ఆయిల్ లైటు ఆరిందని చూసి, సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచూసుకుని కదిలిపోండి.

పాత జీపులూ డీజిల్ అంబాసిడర్లూ నడిపిన పెద్దవాళ్లు దీనికి ఒప్పుకోరు, పది నిమిషాలు వేడెక్కనివ్వాల్సిందే అంటారు. వాళ్ల బండ్లకి అది కొంత నిజమే, వాటిల్లో చాలావాటికి డీజిల్ ముందు ఒక చిన్న గదిలో మండి తర్వాత సిలిండర్‌లోకి వచ్చేది, ఆ గది గోడలకి వేడి ఎక్కువ పోయేది. ఇప్పటి ఇంజన్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. పైగా నిలబెట్టి ఉంచితే డీజిల్ ఇంజన్ చాలా నిదానంగా వేడెక్కుతుంది: ఐడిల్‌లో గాలి నిండుగా పీల్చుకుంటుంది, మండించేది మాత్రం చెంచాడు. ఈలోగా సరిగ్గా మండని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌ని పలచన చేస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి అయితే మసి వెళ్లి డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో పేరుకుంటుంది. సెల్లార్ నిండా పొగ సంగతి వేరే చెప్పాలా, పై ఫ్లోర్లో పిల్లలు దగ్గుతుంటే వాచ్‌మన్‌ని తిట్టి ఏం లాభం.

వేడెక్కించేది రోడ్డే. ర్యాంపు ఫస్ట్ గేర్లో నింపాదిగా ఎక్కించండి. తర్వాత ఇంజన్ నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల మధ్య ఉండేలా గేర్లు మారుస్తూ పోండి. 2000 దాటించొద్దు, అలాగని నాలుగో గేర్లో 1000 దగ్గర ఇంజన్‌ని మూలిగించొద్దు, చల్లగా ఉన్నప్పుడు ఆ బరువు ఇంకా చెడ్డది. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వైపు పోయేవాళ్లకి పొద్దుటి ట్రాఫిక్కే ఈ పని చేసిపెడుతుంది. ఇబ్బందంతా కొల్లూరు, నార్సింగి లాంటి చోట్ల ఇల్లు ఉండి, గేటు దాటగానే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కేసేవాళ్లకి. మీరు ముందు కొన్ని కిలోమీటర్లు సర్వీస్ రోడ్డు మీదే పోయి తర్వాతి ఎగ్జిట్ దగ్గర ఎక్కండి.

మీటర్‌లో టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినా (ముల్లు లేని బండ్లలో నీలం లైటు ఆరినా) పని అయిపోయినట్టు కాదు. అది చూపించేది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి. ఆయిల్ నిదానంగా వెనకాల వస్తుంది, ఇంకో నాలుగైదు కిలోమీటర్లు అదే తీరులో నడిపాకే ఓవర్‌టేక్‌లూ గట్టి పికప్పూ పెట్టుకోండి.

ఒక అనుమానం చాలామందికి వస్తుంది: చలికాలం పొద్దున స్టార్ట్ కాగానే కొద్దిసేపు ఇంజన్ వణికి, కాస్త తెల్ల పొగ వచ్చి, తర్వాత అంతా సర్దుకుంటోంది, ఇదేమైనా జబ్బా? ఎక్కువసార్లు ఒక హీటర్ ప్లగ్ పోయి ఉంటుంది. మిగతా సిలిండర్లు మండుతుంటే అదొక్కటి ఆలస్యంగా అందుకుంటోంది. మన ఊళ్లో ఎండాకాలం అది బయటపడదు, జనవరిలో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు 10 డిగ్రీల లోపుకి దిగిన రోజున బయటపడుతుంది. మెకానిక్‌కి చెప్పి ఒక్కో ప్లగ్‌నీ మల్టీమీటర్‌తో చూపించుకోండి, చిన్న పనే. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోయినా, కూలెంట్ తగ్గుతున్నా మాత్రం అది వేరే కథ, ఆలస్యం చేయొద్దు.

ఈ వారం అభ్యాసం: రోజూ ఇంటి దగ్గర కిలోమీటరు రీడింగ్ చూసుకుని, ముల్లు మధ్యకి వచ్చేసరికి ఎంత దూరం పోయారో ఫోన్‌లో రాసుకోండి. వారమంతా రాసిన లెక్కలో ఏ రోజైనా దూరం మరీ పెరిగినా, హైవే మీద ముల్లు మళ్లీ కిందికి దిగిపోతున్నా థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. ఆ లెక్క దాచండి, 4వ పాఠంలో హైవే నుంచి వచ్చి బండి ఆపేటప్పుడు టర్బోని చల్లార్చడం గురించి చెప్పేటప్పుడు దాంతో పని పడుతుంది.