గురుజీవితం (కథోలిక ఫాదర్‌గా బతకడం) వైపు ఆలోచిస్తున్న కుర్రాడికి విచారణలో (పారిష్‌లో) తోడుండడం ఎలా?

"ఫాదర్ అవ్వాలనుంది" అని కుర్రాడు ఇంట్లో నోరు జారితే చాలు, వారం తిరక్కుండా గుడి దగ్గర అందరూ "ఏం ఫాదర్ గారూ" అనేస్తారు. ముద్దుగానే అంటారు. కానీ ఆ తర్వాత "కాదేమో" అనుకునే వీలు అతనికి ఉండదు. ఉపదేశి (జ్ఞానోపదేశం చెప్పే) గారైనా, మరియదళం (మరియమాత పేరున నడిచే భక్త సంఘం) పెద్దలైనా, మేనమామైనా ముందు చేయాల్సింది ఆ పిలుపును ఆపించడమే. ఎవరినీ గురుపట్టానికి (ఫాదర్‌గా అభిషేకానికి) బలవంతపెట్టకూడదనీ, తగినవాణ్ణి రాకుండా అడ్డుకోకూడదనీ శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం 1026వ నియమం చెబుతుంది. మన ఊళ్లలో ఎక్కువగా తప్పేది మొదటి సగమే.

1. ముందు వినండి

"నిజంగా దేవుని పిలుపు ఉందా?" అని అడిగితే ఏ కుర్రాడూ జవాబు చెప్పలేడు. ఈ ఆలోచన ఎప్పటినుంచి ఉంది, ఏం చూశాక వచ్చింది, పరీక్షలప్పుడూ స్నేహితులతో తిరిగేటప్పుడూ ఏమైంది, ఇలా అడగండి. ఫాదర్ గారి గౌరవం, బండి, విదేశీ ప్రయాణం చూసి మనసు పడినా కంగారు పడక్కర్లేదు. చాలామందికి మొదలు అక్కడే. ఆరు నెలలు గడిచాక కూడా అవి తప్ప మరేమీ లేకపోతే మాత్రం ఆలోచించాలి. కాలేజీ ఫీజు కట్టలేక ఇంట్లోవాళ్లే సెమినరీ (గురువుల శిక్షణాలయం) వైపు తోస్తుంటే, ముందు ఆ ఫీజు సంగతి విడిగా తేల్చండి. అది తీరాక కూడా కోరిక నిలిస్తే అప్పుడు ముందుకు వెళ్లొచ్చు.

పద్దెనిమిది నిండని పిల్లవాడితో మాట్లాడేది గుడి వసారాలో, నలుగురూ కనిపించే చోట, తల్లిదండ్రులకు చెప్పే. గది తలుపులు మూసి ఎవరూ మాట్లాడకూడదు, అది ఫాదర్ గారైనా సరే.

2. ప్రార్థనకు ఊరికి సరిపడే పద్ధతి పెట్టండి

ఒక విచారణ కింద చాలా ఊళ్లుంటాయి. చిన్న గుడిలో ప్రతి ఆదివారం పూజ ఉండకపోవచ్చు. అందుకని "రోజూ పూజకు వెళ్లు" అంటే కుదరదు. రోజూ బైబిల్లోని ఆనాటి సువిశేష భాగంతో పావుగంట, వారంలో ఒక మామూలు రోజు విచారణ కేంద్రంలో దివ్యబలిపూజ, నెలకోసారి పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చాలు. దాళ్వా కోతల్లోనో, చేపల చెరువు పట్టుబడి రాత్రుల్లోనో ఇది తప్పితే తిట్టకండి. తప్పాక మళ్లీ తనంతట తాను మొదలుపెడుతున్నాడా అన్నది చూడండి. పూజాపీఠం దగ్గర సేవకంటే చాపలు పరిచే దగ్గర, ఫాదర్ గారు రాని ఆదివారం అతను ఎలా ఉంటాడన్నది ఎక్కువ చెబుతుంది.

3. మనసు విప్పే మనిషి వేరు, సిఫారసు రాసే మనిషి వేరు

అతనికి నెలకో ముప్పావుగంట ఇవ్వగల ఆత్మీయ మార్గదర్శి కావాలి. విచారణ ఫాదర్ గారే సిఫారసు ఉత్తరం రాయాలి కాబట్టి, వీలైతే పక్క విచారణ గురువునో, మఠవాసినో (సన్యాస సభకు చెందినవారినో) చూడండి. ఉత్తరం రాసేవారి ముందు కుర్రాళ్లు మంచిగా కనిపించాలని చూస్తారు, ప్రేమ వ్యవహారాలు, సందేహాలు దాచేస్తారు. సెమినరీలోనూ ఇదే పద్ధతి: గురువిద్యార్థిని పట్టానికి తీసుకోవాలా, పంపించేయాలా అన్నప్పుడు అతని ఆత్మీయ మార్గదర్శి అభిప్రాయం గానీ, పాపసంకీర్తనం విన్నవారి అభిప్రాయం గానీ అడగకూడదు.

మేత్రాసన (డయోసిస్, అంటే బిషప్ కింద ఉండే ప్రాంతం) గురువుకీ మఠవాసికీ తేడా ఇప్పుడే చెప్పండి. మేత్రాసన గురువు బ్రహ్మచర్యానికి, పీఠాధిపతికి (బిషప్‌కి) విధేయతకు మాట ఇస్తారు. ఆ మేత్రాసనంలోనే సేవ చేస్తారు. యేసుసభ, సలేసియన్ల వంటి సభల్లో పేదరికం కూడా కలిపి మూడు వ్రతాలుంటాయి. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి.

4. ఇంటితో మాట్లాడండి

అమ్మ కువైట్‌లో ఉంటే ఆవిడకు వీడియో కాల్‌లో విడిగా చెప్పాలి. ఇంకొకరి నోట వింటే అలుగుతుంది, అందులో తప్పూ లేదు. ఒక్కడే కొడుకైతే, ఇంటి మీద అప్పుంటే, అవి ఎవరు చూస్తారో కాగితం మీద రాసుకోండి. తీర్చకుండా వదిలేసిన అప్పు మూడో ఏట సెమినరీ నుంచి వెనక్కి లాగుతుంది.

5. కాగితాలు

జ్ఞానస్నానం పొందిన విచారణలోని రిజిస్టరు నుంచి కొత్తగా తీయించిన పత్రం, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) పత్రం, పదో తరగతి మార్కుల జాబితా, టీసీ, వైద్య పరీక్ష, విచారణ గురువు ఉత్తరం మామూలుగా అడుగుతారు. తల్లిదండ్రుల వివాహ పత్రం కూడా సిద్ధంగా ఉంచండి. చిక్కంతా పేర్ల దగ్గర: గుడి రిజిస్టరులో యోసేపు, బడిలో సురేష్. ఇద్దరూ ఒకరేనని విచారణ గురువు చేత రాయించుకోండి. రిజిస్టరులో మీరే దిద్దకండి. అభ్యంగనం అవ్వకపోతే ఆలస్యం చేయకుండా ఏర్పాటు చేయించండి, అది లేనిదే పట్టం లేదు. లూథరన్ సంఘంలో జ్ఞానస్నానం అయినవారికి, అది సక్రమంగా జరిగి ఉంటే, మళ్లీ ఇవ్వరు. కథోలిక శ్రీసభలోకి స్వీకరిస్తారు. ఈమధ్యే జ్ఞానస్నానం పొందినవారు తగినంత కాలం ఆగాలి.

6. క్యాంపుకు పంపేముందు

దైవపిలుపుల క్యాంపుకు (పిలుపు గురించి ఆలోచించే కుర్రాళ్లకు పెట్టే శిబిరానికి) వెళ్లడమంటే చేరిపోవడం కాదని అతనికీ ఇంట్లోవాళ్లకీ చెప్పి పంపండి. తర్వాతి దారి కూడా చెప్పండి: ఒకటి రెండేళ్ల సన్నాహక దశ, కనీసం రెండేళ్ల తత్వశాస్త్రం, నాలుగేళ్ల దైవశాస్త్రం. డిగ్రీ, విచారణ అనుభవం కలిస్తే పదేళ్లు దాటడం మామూలే. డీకను (గురుపట్టానికి ముందు మెట్టు) కావడానికి 23, గురువు కావడానికి 25 ఏళ్లు నిండాలి, రెంటి మధ్యా కనీసం ఆరు నెలలు గడవాలి. వెళ్లేటప్పుడు ఫ్లెక్సీ వద్దు, అతని పేరున చందా వద్దు.

7. సెమినరీ నుంచి తిరిగి వస్తే

"పారిపోయి వచ్చేశాడు" అన్న మాట గుడిలో వినిపించకుండా చూడండి. ఎందుకొచ్చావని అడగకండి, చెబితే వినండి. చదువు ఆగిపోకుండా ఆ ఏడాదే కాలేజీలో చేర్పించండి. గాయక బృందంలో పాత చోటు అతనిదే. తర్వాత మరో సెమినరీలో చేరాలనుకుంటే పాత సెమినరీ పెద్దల నుంచి, ముఖ్యంగా ఎందుకు వెళ్లిపోయాడో లేక పంపించారో తెలిపే ఉత్తరం కావాలి. సిగ్గుపడి ఆ సంగతి దాస్తే తర్వాత బయటపడుతుంది. అందుకే ఉత్తరం అడగడానికి అతనితో కలిసి మీరూ వెళ్లండి.