రైటింగ్ ప్యాడ్ చెరగడం లేదా? స్క్రీన్‌ను అనుమానించే ముందు చూడవలసినవి

సరుకుల జాబితాకో, పాల లెక్కకో, ఫోనులో ఎవరో చెప్పిన నంబరు రాసుకోవడానికో ఇళ్లలో వాడే ఎల్‌సీడీ రైటింగ్ ప్యాడ్ మొరాయించినప్పుడు, దానిని బాగు చేయమని తెచ్చేవారు దాదాపు అందరూ "స్క్రీన్ పోయింది" అనే అంటారు. నిజంగా స్క్రీన్ పోయినవి వాటిలో చాలా తక్కువ. ఈ పొరపాటు ఎందుకు వస్తుందో తెలియాలంటే ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. ప్యాడ్‌పై రాయడానికీ, రాసినది నిలవడానికీ కరెంటు అక్కరలేదు. పెన్ను ఒత్తిన చోట లోపలి ద్రవ స్ఫటికాల అమరిక మారి, పైనుంచి పడిన వెలుతురును తిప్పి పంపుతుంది, అదే మనకు గీతగా కనిపిస్తుంది. బ్యాటరీకి పని పడేది చెరిపే బటన్ నొక్కినప్పుడు మాత్రమే. కనుక "చక్కగా రాస్తోంది కదా, బ్యాటరీ బాగానే ఉన్నట్టే" అన్న వాదన నిలవదు. బ్యాటరీ పూర్తిగా తీసేసినా ప్యాడ్ రాస్తూనే ఉంటుంది.

సమస్య: బటన్ నొక్కినా ఏమీ చెరగదు

ముందు వెనుక వైపునో అంచుననో ఉండే లాక్ మీటను చూడండి, అది వేసి ఉంటే చెరిపే బటన్ పనిచేయదు. చెప్పి చెప్పి విసుగు వచ్చిన మాటే అయినా మళ్లీ చెప్పక తప్పదు: మర తీసి, బ్యాటరీ మార్చి, చివరికి కొత్త ప్యాడ్ కొనడానికి సిద్ధపడినవారు సైతం ఆ మీటను ఒక్కసారి జరిపి చూసి ఉండరు. ఇక ప్యాడ్ కొత్తదైతే, బ్యాటరీకీ లోహపు పట్టీకీ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క ఉండిపోయిందేమో చూసి లాగేయండి.

సమస్య: చెరిపిన తరువాత కూడా పాత రాత నీడలా మిగులుతుంది

ఇది బలహీనపడిన బ్యాటరీ లక్షణం. ఒకసారి నొక్కితే సగం, రెండు మూడుసార్లు నొక్కితే పూర్తిగా చెరుగుతోందంటే, లేదా వెంట వెంటనే చెరిపినప్పుడు మొరాయించి కాసేపు ఆగితే మళ్లీ పనిచేస్తోందంటే ఇక వేరే అనుమానం అక్కరలేదు. మల్టీమీటరు ఉన్నవారు ఇక్కడే మోసపోతారు. ఈ ప్యాడ్లలో ఉండే నాణెం ఆకారపు చిన్న బ్యాటరీ (బటన్ బ్యాటరీ) పాతబడినా, ఊరికే కొలిచినప్పుడు ఇంచుమించు 3 వోల్టులు చూపుతుంది, పని పడగానే కూలబడుతుంది. మోటారు వేయనంతసేపు నిండుగా ఉండి, వేయగానే పడిపోయే ఊరి కరెంటు లాంటిదే ఇది. కొలిస్తే చెరిపే బటన్ నొక్కి ఉంచి కొలవాలి.

సమస్య: కొత్త బ్యాటరీ వేసినా చెరగదు, లేదా ఒకసారి చెరిగి ఒకసారి చెరగదు

అన్నిటి కంటే నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినది ఇదే కనుక కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. ఈ ప్యాడ్లలో సాధారణంగా కనిపించేవి సీఆర్2016, సీఆర్2025, సీఆర్2032 బ్యాటరీలు. మూడూ 3 వోల్టులవే, మూడింటి వ్యాసమూ 20 మిల్లీమీటర్లే, అందుకే దుకాణంలో "ఏదైనా ఒకటే" అని చేతిలో పెట్టేస్తారు. చివరి రెండు అంకెలు మాత్రం మందాన్ని చెబుతాయి: వరుసగా 1.6, 2.5, 3.2 మిల్లీమీటర్లు. సీఆర్2025 ఉండవలసిన గూటిలో సీఆర్2016 వేస్తే అది చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, మూత కూడా పడుతుంది, కానీ లోపలి స్ప్రింగు పట్టీ దానిని అందుకోదు, లేక అంటీ అంటనట్టు తాకుతుంది. ప్యాడ్‌ను బల్లపై పెడితే చెరిగి, చేతిలో నిలబెట్టి పట్టుకుంటే చెరగకపోవడం, వెనుక తడితే పనిచేయడం దీని ఆనవాళ్లు.

దీనికి విరుద్ధమైనది ఇంకా జిత్తులమారిది. మందపు బ్యాటరీని బలవంతంగా దూర్చి మూత బిగిస్తే స్ప్రింగు పట్టీ అణిగిపోతుంది. కొన్నాళ్లకు సరైన బ్యాటరీ తెచ్చి వేసినా అది తాకదు. బ్యాటరీ కొత్తది, నంబరు సరైనది, ప్యాడ్ మాత్రం చెరగదు, కాబట్టి స్క్రీన్‌పై నింద పడుతుంది. గూటిలోనో మూతపైనో అచ్చువేసిన నంబరును చదివి అదే బ్యాటరీ తెచ్చి, పట్టీని చిన్న స్క్రూడ్రైవరు కొనతో నెమ్మదిగా, వెంట్రుకవాసి మాత్రమే పైకి లేపండి. అల్యూమినియం రేకు మడిచి పెట్టే పద్ధతిని నేను ఒప్పుకోను, అది జరిగితే రెండు ధ్రువాలూ కలిసిపోతాయి. బ్యాటరీని వేసేముందు పొడి గుడ్డతో తుడిచి, అంచులు పట్టుకుని దించండి; పిల్లలు మింగకుండా కొన్ని బ్యాటరీలకు పూసే చేదు పూత కూడా ఒక్కోసారి స్పర్శకు అడ్డు వస్తుంది.

మిగిలినవి

గీతలు పలచగా పడుతుంటే పెన్ను కొన అరిగిందేమో చూడండి, వేలిగోటితో గీసి పోల్చండి. సంచిలో పెట్టిన ప్యాడ్‌పై రాసినది దానంతటదే మాయమైతే, లాక్ వేయకపోవడం వల్ల బటన్ దేనికో నొక్కుకుందని అర్థం. సాధారణ ప్యాడ్‌కు జ్ఞాపకం ఉండదు కనుక పోయిన రాత తిరిగి రాదు, అవసరమైనది ముందే ఫోటో తీసుకోవాలి. సరైన బ్యాటరీతో కూడా ఒకే చోట ఒకే మరక మిగులుతుంటే అక్కడ పొర దెబ్బతిన్నదే, దానికి మరమ్మతు లేదు. నీరు చేరడం, సర్క్యూటు కాలిపోవడం అరుదు. ప్యాడ్ ధర కంటే వాటి మరమ్మతు ఖర్చే ఎక్కువ.

పని ముగిశాక మూత మరను తప్పక బిగించండి, తీసిన బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి పిల్లలకు అందనిచోట ఉంచండి. బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చగలదు, కనుక బిడ్డ మింగిందన్న అనుమానం కలిగినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.